రోళ్లు పగిలే ఎండ తాతల నాడూ ఉంది కదా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తాతముత్తాతల నాడే అన్నారు. ఎండలు అప్పుడూ ఉన్నాయి. మరి కొత్తగా ఈ భూతాపం ఏమిటి? నిజంగా ఉందా?

ఉంది. అలాగని సామెత కూడా అబద్ధం కాదు. మే నెలలో సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు. నేలలో తడి ఉండదు. వాయవ్యం నుంచి మధ్యభారతం మీదుగా పొడిగాలి వీస్తుంది. ఈ మూడూ కలిస్తే రెంటచింతలలోనో రామగుండంలోనో పాదరసం 45 డిగ్రీలకు ఎగబాకడానికి భూతాపం సాయం అక్కర్లేదు. అందుకని ఒక మధ్యాహ్నపు ఎండను చూపించి "చూశారా, భూమి మండిపోతోంది" అంటే అది రుజువు కాదు. సంక్రాంతి ముందు లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకుందని "ఏదీ, ఎక్కడ వేడెక్కింది?" అనడమూ అంతే. చెమటను బట్టి నమ్మితే చలి పుట్టగానే నమ్మకం పోతుంది.

చూడవలసింది వేరు. ఒక ఊరు కాకుండా ప్రపంచమంతా తీసుకుని, ఒక ఏడు కాకుండా దశాబ్దాల సగటులను పక్కపక్కన పెడితే ఏం కనిపిస్తుంది? 1850–1900 నాటి సగటుతో పోలిస్తే 2011–2020 దశాబ్దం 1.1 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా గడిచింది. 2024 ఒక్క ఏడాదికైతే ప్రపంచ వాతావరణ సంస్థ వేసిన లెక్క 1.55 డిగ్రీలు. మన దేశంలో 1901 నుంచి 2018 దాకా పెరిగింది దాదాపు 0.7 డిగ్రీలు. ఇక్కడ కూడా 1901 తరవాత అన్నిటికన్నా వేడి ఏడాది 2024.

ఒక్క డిగ్రీకి ఇంత రాద్ధాంతమా? పొద్దుటికీ మధ్యాహ్నానికీ పదిహేను డిగ్రీల తేడా వస్తూనే ఉందిగా!

వస్తుంది, పోతుంది. ఇక్కడ పగలైతే అమెరికాలో రాత్రి, ఇక్కడ ఎండాకాలమైతే ఆస్ట్రేలియాలో చలికాలం. ఆ తేడాలన్నీ ఒకదానికొకటి చెల్లుకుపోగా మిగిలేదే భూమి సగటు. అది అంత తేలిగ్గా కదలదు. సుమారు 20 వేల ఏళ్ల క్రితం కెనడా, ఉత్తర యూరప్‌ల మీద కిలోమీటర్ల మందాన మంచు కూర్చుని ఉన్నప్పుడు, సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్ల దిగువన ఉన్నప్పుడు, భూమి సగటు ఇవాళ్టికన్నా అయిదారు డిగ్రీలే తక్కువ. ఆ అయిదారు డిగ్రీలు ఎక్కడానికి పది వేల ఏళ్లు పట్టింది. మనం నూట యాభై ఏళ్లలో ఒక డిగ్రీ పైన ఎక్కించాం.

రెండో సంగతి. సగటు ఒక డిగ్రీ జరిగితే రోజులన్నీ తలా ఒక డిగ్రీ వేడెక్కి ఊరుకున్నట్టే అనిపిస్తుంది. కానీ 45 గీత దాటే రోజులు ఏ ఊళ్లోనైనా తక్కువ, దానికి కొంచెం దిగువన ఆగిపోయే రోజులు ఎక్కువ. సగటు జరగగానే ఆ దిగువన ఉన్నవి గుంపుగా గీత దాటేస్తాయి. అప్పటిదాకా అరుదుగా వచ్చే ఎండ రెట్టింపవుతుంది, మూడింతలవుతుంది. జనం ప్రాణం మీదికి వచ్చేది సగటు వల్ల కాదు, ఆ రోజుల వల్ల.

ఒకప్పుడు ఊరి చివర ఉన్న థర్మామీటరు ఇప్పుడు కాంక్రీటు మధ్యకి వచ్చింది. పెరిగింది భూమి వేడి కాదు, ఊరి వేడేమో?

ఈ అనుమానం సబబైనదే. చెట్టూ చెరువూ పోయి సిమెంటు, తారు, ఏసీ యంత్రాలు వచ్చిన చోట రాత్రిళ్లు చల్లబడవు. హైదరాబాద్ బేగంపేట చుట్టుపక్కల చూసిన వాళ్లెవరికైనా ఇది అర్థమవుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ముల్లర్ అనే భౌతికశాస్త్రవేత్తకు కూడా ఇదే అనుమానం వచ్చింది. అనుమానపడి ఊరుకోకుండా బర్క్‌లీలో ఒక బృందాన్ని కూర్చి, ప్రపంచంలోని వాతావరణ కేంద్రాల రికార్డులన్నీ మొదటి నుంచి తవ్వించాడు. పట్నాలకు దూరంగా ఉన్న కేంద్రాలను విడిగా పెట్టి కూడా చూశారు. వేడెక్కడం నిజమేననీ, దానికి కారణం మనుషులేననీ 2012లో ఆయనే ప్రకటించాడు. ఆ పనికి వచ్చిన నిధుల్లో కొంత, చమురు వ్యాపారంతో ఎదిగిన కోక్ కుటుంబ ఫౌండేషన్‌ది కావడం గమ్మత్తు.

అసలైన సమాధానం నేల మీద కాదు, సముద్రంలో ఉంది. భూమి మీద అదనంగా చేరిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగింది. దాన్ని కొలిచేవి ఆర్గో తేలియాడే పరికరాలు. ఒక్కొక్కటి మనిషెత్తు గొట్టం. నీటిలో ఒక కిలోమీటరు లోతుకి దిగి ప్రవాహంతో పాటు పోతూ ఉంటుంది. పది రోజులకొకసారి రెండు కిలోమీటర్ల లోతుకి మునిగి, అక్కడి నుంచి పైకి తేలుతూ దారి పొడుగునా వేడినీ ఉప్పదనాన్నీ కొలుస్తుంది. పైకి రాగానే ఆ లెక్కలను ఉపగ్రహానికి పంపి మళ్లీ మునిగిపోతుంది. ప్రపంచ సముద్రాల్లో ఇలాంటివి నాలుగు వేల దాకా తిరుగుతున్నాయి. హిందూ మహాసముద్రంలో మన దేశం వదిలిన వాటి సమాచారం వచ్చి చేరేది హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌కే, అంటే మన మత్స్యకారులకు చేపలుండే చోటు, అలల ఎత్తు చెప్పే సంస్థకే. ఉష్ణమండల హిందూ మహాసముద్రం పైపొర 1951–2015 మధ్య దాదాపు ఒక డిగ్రీ వేడెక్కింది. నడిసముద్రంలో అపార్ట్‌మెంట్లు కట్టలేదు కదా!

గాలిలో పదివేల పాళ్లకు నాలుగు పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇంత భూమిని ఎలా వేడెక్కిస్తుంది?

చాలామంది తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెప్పుకుందాం.

చలికాలంలో మబ్బు పట్టిన రాత్రి చలి తగ్గుతుంది. ఆకాశం నిర్మలంగా ఉండి చుక్కలు మెరిసే రాత్రి చలి కొరికేస్తుంది. పల్లెలో ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. లంబసింగి అంతగా గడ్డకట్టడానికి దాని ఎత్తు ఒక కారణమైతే, తేమా మబ్బూ లేని ఆకాశం రెండో కారణం. పగలు ఎండకు కాగిన నేల ఆ వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా పైకి వదులుతుంది. మబ్బుంటే అందులో చాలా భాగాన్ని పట్టుకుని, కొంత తిరిగి కిందికి పంపుతుంది. లేకపోతే వేడి నేరుగా అంతరిక్షంలోకి జారుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ చేసేదీ ఈ పనే. కాకపోతే అది కనిపించదు, రాత్రీ పగలూ తేడా లేకుండా చేస్తుంది.

గాలిలో 99 శాతం నైట్రోజన్, ఆక్సిజనే. ఇవి ఒకే రకం పరమాణువులు రెండేసి జతకట్టినవి. పరారుణ కిరణాలు వీటి మధ్య నుంచి ఏ అడ్డూ లేకుండా వెళ్లిపోతాయి. మూడు పరమాణువులున్న కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి, అయిదున్న మీథేన్ అలా కాదు. ఆ కిరణాలు తగలగానే వంగుతాయి, ఊగుతాయి, వేడిని మింగి మళ్లీ అన్ని దిక్కులకూ వదులుతాయి. అంటే పదివేలలో నాలుగు అన్న లెక్కే ఇక్కడ పనికిరాదు. మిగతా గాలిలో దాదాపు అంతా ఈ పనికి రాని సరుకు. పని చేసేవి కొన్నే, అందులో దీనిది పెద్ద చెయ్యి. అసలు ఈ వాయువులే లేకుంటే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకి 18 డిగ్రీలు దిగువన ఉండేది. ఉన్నాయి కాబట్టి 15 దగ్గర నిలిచి, మనం బతికి బట్టకట్టాం. చిక్కు ఉండటంలో లేదు, పెరగటంలో ఉంది.

ఇదేదో నిన్నమొన్న ఉద్యమకారులు కనిపెట్టిన మాట అనుకునేవాళ్లున్నారు. మన దగ్గర సిపాయిల తిరుగుబాటుకు ఒక ఏడాది ముందే, 1856లో, అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి ఎండలో పెట్టింది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టమే అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కింది, చల్లారడానికీ ఎక్కువసేపు పట్టింది. 1859లో లండన్‌లో జాన్ టిండాల్ ఏ వాయువు ఎంత పరారుణ వేడిని మింగుతుందో కొలిచాడు. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అరీనియస్ చేతి లెక్కలతో, గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి అయిదారు డిగ్రీలు వేడెక్కుతుందని తేల్చాడు. ఇప్పటి లెక్క మూడు డిగ్రీల చుట్టుపక్కల ఉంది. కంప్యూటరు లేని కాలంలో ఆ మాత్రం దగ్గరికి రావడం సామాన్యం కాదు.

నీటి ఆవిరి అంతకన్నా పెద్ద గ్రీన్‌హౌస్ వాయువు అంటారు. మరి దాని మాటెత్తరేం?

అది దానంతటది పెరగలేదు. ఎక్కువైతే వారం పది రోజుల్లో వానగా పడిపోతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టగల తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. ముందు కార్బన్ డయాక్సైడ్ వేడెక్కించాలి, తరవాత ఆవిరి వచ్చి ఆ వేడిని ఇంకా పెంచుతుంది. ఈ 7 శాతాన్ని గుర్తు పెట్టుకోండి, వానల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

సరే, వాయువు పెరిగింది. అది మనం వదిలిందేనని ఎలా తెలుసు? అగ్నిపర్వతాలున్నాయి, సూర్యుడున్నాడు.

ముందు ఇంటి లెక్క చూద్దాం. బండిలో లీటరు పెట్రోలు పోయించుకుంటే దాని బరువు ముప్పావు కిలో. అది కాలి గొట్టంలోంచి బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ బరువు సుమారు 2.3 కిలోలు. ముప్పావు కిలో సరుకు రెండు కిలోలు ఎలా దాటింది? మిగతా బరువు గాలిలోని ఆక్సిజన్‌ది. 12 గ్రాముల కర్బనం కాలితే 32 గ్రాముల ఆక్సిజన్‌ను కలుపుకుని 44 గ్రాముల వాయువవుతుంది. సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ, కర్బనం పాలు తక్కువ. అయినా ఒక టన్ను కాల్చితే దాదాపు టన్నున్నర వాయువు పైకి పోతుంది. ప్రపంచమంతా కలిపి బొగ్గు, చమురు, సహజవాయువు, సిమెంటు ఖాతాలో ఏడాదికి 3,700 కోట్ల టన్నులు. అందులో సగానికి దగ్గర గాలిలో మిగిలిపోతోంది. తక్కినది చెట్లూ, నేలా, సముద్రమూ పంచుకుంటున్నాయి. భూమ్మీద అగ్నిపర్వతాలన్నీ కలిసి వదిలేది ఇందులో నూటికి ఒక వంతు కూడా ఉండదు.

ఇంకా గట్టి సాక్ష్యం ఆ కర్బనంలోనే ఉంది. బతికున్న చెట్టులో, మనిషిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కర్బనం కొంచెం ఉంటుంది. చచ్చాక 5,730 ఏళ్లకోసారి సగమవుతూ పోతుంది. సింగరేణి బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు పైబడింది. అందులో కార్బన్-14 ఎప్పుడో తుడిచిపెట్టుకుపోయింది. గాలిలోకి కొత్తగా చేరుతున్న కర్బనం ఇలాంటి పాత కర్బనమేనని అమెరికాలో హాన్స్ స్యూస్ 1950లలోనే పట్టుకున్నాడు. ఏదో కాలుతున్నందుకు గుర్తుగా గాలిలో ఆక్సిజన్ కూడా అణుమాత్రం తగ్గుతూ వస్తోంది. ఊపిరాడనంత కాదు, భయపడకండి.

1958లో చార్లెస్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టేనాటికి పది లక్షల పాళ్లలో 315 దగ్గర ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. అంటార్కిటికా మంచు పొరల్లో చిక్కుకున్న పాత గాలి బుడగలను చూస్తే, గత 8 లక్షల ఏళ్లలో అది ఎప్పుడూ 300 చుట్టుపక్కల గీతను దాటి పైకి పోలేదు.

ఇక సూర్యుడు. 1970ల చివరి నుంచి ఉపగ్రహాలు సూర్యుడి వెలుగును కొలుస్తూనే ఉన్నాయి. పదకొండేళ్లకోసారి అటూ ఇటూ ఊగడమే తప్ప పెరుగుదల లేదు. అదీగాక, వేడి పెంచుతున్నది సూర్యుడే అయితే వాతావరణం పైనుంచి కింది దాకా వేడెక్కాలి. జరుగుతున్నది అది కాదు. కింది పొర వేడెక్కుతుంటే పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇలాగే అవుతుందని వాతావరణ శాస్త్రవేత్త స్యుకురో మనాబే 1967లోనే లెక్కకట్టాడు. 2021లో ఆయన నోబెల్ అందుకున్నాడు. నన్నడిగితే ఈ ఒక్క సాక్ష్యం చాలు. దొంగ వేలిముద్ర దొరికాక వీధిలో అందరినీ అనుమానించడమెందుకు?

మరి ప్రతి వరదా, ప్రతి తుపానూ దీని పుణ్యమేనా?

కాదు. ఈ మధ్య నాయకులకూ, ఇంజినీర్లకూ ఇది సులువైన సాకు అయింది. నాలా పూడ్చి ప్లాట్లు వేసినవాడు కూడా నీళ్లొచ్చాక వాతావరణ మార్పు అంటున్నాడు.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌లో వేల మందిని మింగింది. అప్పటికి భూతాపం లెక్కలోకి వచ్చేంత లేదు. ఆ వరద తరవాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనలో పదివేల మంది పోయారు. బంగాళాఖాతానికి తుపానులు కొత్త కాదు. వాటి సంఖ్య పెరిగిందా అంటే పెరగలేదు, ఇరవయ్యో శతాబ్దం మధ్య నుంచి చూస్తే కొంత తగ్గింది కూడా. మారుతున్నది వాటి బలం. వర్షాకాలం తరవాత వచ్చేవాటిలో అతి తీవ్ర తుపానుల పాలు పెరుగుతోంది. వేడెక్కిన సముద్రం వాటికి మేత. ఇంకోమాట కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను చిందరవందర చేసినా చావులు పదుల్లోనే ఆగాయి. ముందస్తు హెచ్చరిక, జనాన్ని తరలించడం చేసిన పని అది.

వానల సంగతికొస్తే, ఇందాకటి 7 శాతం ఇక్కడ అక్కరకొస్తుంది. తేమ ఎక్కువ పట్టే గాలి కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది, కురవనప్పుడు ఎక్కువ రోజులు బిగబడుతుంది. మధ్యభారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానల సందర్భాలు 1950–2015 మధ్య మూడింతలయ్యాయని పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో చూపింది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆకాశం కురిసింది నిజం. బుడమేరు గట్లు తెగడం, దాని దారికి ఇళ్లు అడ్డం పడటమూ నిజం. మొదటిదాంట్లో ప్రపంచం అంతటికీ బాధ్యత ఉంది, రెండోదానికి బాధ్యులం మనం.

ఉప్పాడ చూడండి. కాకినాడ నుంచి తీరం వెంట పోయే రోడ్డు మీద అలలు రాళ్లను ఎత్తి పడేస్తుంటాయి. రోడ్డు వేస్తారు, కోసుకుపోతుంది, మళ్లీ వేస్తారు. ఇళ్లు, కొబ్బరి చెట్లు, గుళ్లు సముద్రంలో కలిసిపోయాయి. సముద్రం పెరగడం ఇందులో ఒక కారణం మాత్రమే. ఉత్తర హిందూ మహాసముద్రంలో మట్టం 1993–2017 మధ్య ఏడాదికి సగటున 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. అది ఒక్కటే అయితే ఊరు ఇంత వేగంగా పోదు. ఎగువన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి తీరానికి చేరే మేట తగ్గింది. రేవు కట్టడాలు, హోప్ ఐలాండ్ ఇసుక మేట పెరుగుదల కలిసి అలల దారినీ ఇసుక నడకనూ మార్చాయి. నష్టం ఎవరి ఖాతాలో ఎంత అని విడదీయకుండా మొత్తం భూతాపం మీద వేసేస్తే, సరిచేసుకోగలిగిన కారణాలు కూడా చేతులు దాటిపోతాయి.

హిమాలయాల మంచు కరిగితే గోదావరి, కృష్ణ ఎండిపోతాయా?

వాటికీ హిమాలయాలకీ సంబంధం లేదు. త్ర్యంబకంలో పుట్టిన గోదావరి, మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ వాన నీటితోనే పారతాయి. మనం బెంగపడవలసింది నైరుతి రుతుపవనాల గురించి. గంగ, సింధు నదుల వాళ్లకు మంచు బెంగ వేరే ఉంది.

మరి మన మీద దెబ్బ ముందు ఎక్కడ పడుతుంది?

కూలి పని మీద, వరి కంకి మీద.

ఒంటికి చెమట పట్టడం కాదు, ఆ చెమట ఆరడం వల్ల ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారుతుందే గాని ఆరదు. అందుకే రామగుండంలో 44 కన్నా మచిలీపట్నంలో 40, ఉక్కపోతతో కలిసి, ప్రాణానికి ఎక్కువ గండం కావచ్చు. వాతావరణ శాఖ కూడా వడగాడ్పుకు మైదానాల్లో 40 డిగ్రీల గీత పెడితే తీరంలో 37కే పెట్టింది. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి పదిహేను వందల మందికి పైగా వడదెబ్బకు పోయారు. పోయినవాళ్లలో ముసలివాళ్లు, ఎండలో పని మానుకునే వీల్లేని కూలీలు ఎక్కువ. రాత్రిళ్లు చల్లబడకపోవడం ఇంకో దెబ్బ. పగలు తిన్న ఎండ నుంచి ఒళ్లు తేరుకునేది రాత్రే. 2023 ఏప్రిల్‌లో భారత్, బంగ్లాదేశ్‌లను వేధించిన ఉక్క ఎండ గురించి శాస్త్రవేత్తలు రెండు లెక్కలు వేశారు. ఒకటి ఇప్పటి భూమికి, ఇంకోటి మనం వేడెక్కించకుండా ఉంటే ఉండే భూమికి. అలాంటి ఎండ వచ్చే అవకాశం కనీసం 30 రెట్లు పెరిగిందని తేలింది. ఫలానా ఉత్పాతంలో భూతాపం వాటా ఎంత అని తేల్చేది ఇలాగే.

ఇక వరి. పూత దశలో వరి పువ్వు విచ్చుకునేది పొద్దున తొమ్మిదికీ పన్నెండుకీ మధ్య, గంటో గంటన్నరో. ఆ కాస్త సేపట్లో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా రాలదు, రాలినా మొలకెత్తదు. కంకి పైకి నిలబడే ఉంటుంది, చేత్తో నొక్కితే తాలు. నాట్లు ఆలస్యమై మార్చి చివర, ఏప్రిల్‌లో ఈనే దాళ్వా (రబీ) చేలకు ఈ భయం ఎక్కువ. నూర్చేదాకా రైతుకు నష్టం తెలియదు.

మన దేశం ప్రపంచమంత వేడెక్కలేదన్నారు. ఎందుకు? మనం అదృష్టవంతులమా?

ఉష్ణమండలంలో వేడెక్కడం ఉత్తర ధ్రువమంత వేగంగా ఉండదు, అది ఒకటి. రెండోది, మన పొగ. బొగ్గు, పిడకలు, చెత్త, డీజిలు మండి లేచే ధూళి ఎండలో కొంత భాగాన్ని వెనక్కి తిప్పేస్తోంది. మూడోది, కాలువలు, బోర్ల కింద పారే నీరు ఆవిరై గాలిని కొంత చల్లబరుస్తోంది. అంటే ఊపిరితిత్తులను పాడుచేసే పొగే వేడిని కొంత కప్పి ఉంచింది. దీన్ని అదృష్టం అనడానికి నాకు నోరు రాదు.

తగలబెట్టింది అమెరికా, యూరప్. మనమెందుకు తలకెత్తుకోవాలి?

మొదటి మాట నిజం. అమెరికావాడు తలసరి ఏడాదికి 14 టన్నుల దాకా వదులుతుంటే మనవాడు 2 టన్నులు. పారిశ్రామిక యుగం మొదలైనప్పటి నుంచి గాలిలో చేరిన దాంట్లో అమెరికాది నాలుగో వంతు. ఈ మాట అంతర్జాతీయ వేదికల మీద గట్టిగా అనాల్సిందే. కాని ఏటా వదిలే మొత్తంలో మనం ఇప్పుడు ప్రపంచంలో మూడో స్థానంలో ఉన్నాం. తప్పెవరిదైనా దివిసీమ ఎత్తు మారదు.

వరి పొలం కూడా కారణమంటున్నారు. రైతు మీద కూడా నెపమేనా?

నెపం కాదు, రసాయనం. నిలవ నీటి కింద మట్టికి గాలాడదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డీగాదాన్ని తిని మీథేన్ వదులుతాయి. అది చాలావరకు వరి కాడల్లోని బోలు దారుల గుండానే పైకి వస్తుంది. నూరేళ్ల లెక్కలో చూస్తే టన్నుకు టన్ను కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు వేడి పట్టే వాయువిది. మందు మన దగ్గరే ఉంది. ఆరుతడి పెట్టి, మడి నెర్రెలివ్వకుండా ఆరనిచ్చి మళ్లీ నీళ్లు కడితే మీథేన్ సగం దాకా తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. దిగుబడి పెద్దగా పోదు. అయితే కాలువ చివరి రైతును ఆరబెట్టమని అడిగే ముందు, ఆరబెట్టాక మళ్లీ నీళ్లొస్తాయన్న నమ్మకం అతనికి కలిగించాలి. వంతు తప్పితే పంట పోయేది అతనిది.

ఇవాళే అన్నీ ఆపేస్తే మళ్లీ చల్లబడుతుందా?

చల్లబడదు, కాని ఇంకా వేడెక్కడం దాదాపుగా ఆగుతుంది. మీథేన్ పన్నెండేళ్లకు అటూ ఇటూగా గాలిలోంచి పోతుంది, దాని ఫలితం మన కళ్లముందే కనిపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు. కొంత వందేళ్లలో సముద్రం, చెట్లు తీసుకున్నా, ఒక పాలు వేల ఏళ్లు ఉండిపోతుంది. పొగ మాత్రం వారాల్లో రాలిపోతుంది కాబట్టి అది కప్పిపెట్టిన వేడి కొంత బయటపడుతుంది.

సముద్రం సంగతే వేరు. లోతుల్లోకి వేడి దిగుతూనే ఉంటుంది, నీరు వ్యాకోచిస్తూనే ఉంటుంది, గ్రీన్‌లాండ్ మంచు కరుగుతూనే ఉంటుంది. వందల ఏళ్ల పాటు మట్టం పెరుగుతూ పోతుంది. ఎంతన్నది మాత్రం మనం వదిలేదాన్ని బట్టి. 2100 నాటికి, బాగా తగ్గించుకుంటే ముప్పై నుంచి యాభై అయిదు సెంటీమీటర్లు, ఏమీ తగ్గించకుండా ఇంకా పెంచుకుంటూ పోతే అరవై నుంచి వంద సెంటీమీటర్లు అని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు సంఘం ఐపీసీసీ అంచనా. కోనసీమలో, కృష్ణా డెల్టా చివర మురుగు కాలువలన్నీ సముద్రంలోకి పారడానికి ఉన్న వాలు చాలా తక్కువ. పోటు సమయంలో నీరు ఇప్పటికే ఎదురు తంతోంది. ముప్పై సెంటీమీటర్లు పెరిగితే లాకులూ గట్లూ ఎత్తు పెంచుకుని నెట్టుకురావచ్చు. మీటరు పెరిగితే ఆ కాలువల నీటిని మోటార్లతో ఎత్తిపోయాలి, ఏడాది పొడుగునా.